లువాంగ్వా ఒడ్డున తాండ్ర డబ్బా

"ఆయా, సెప్టెంబరులో నువ్వు కూడా మాతో ఆఫ్రికా వస్తున్నావు" అని మేడం వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పినప్పుడు నేను చేపలు తోముతున్నాను. చేతిలో చేప జారి సింకులో పడింది. ఎనభై నాలుగో సంవత్సరం అది. అప్పటికి నేను దుబాయ్ వచ్చి మూడేళ్ళు. జుమేరాలో ఆ ఇల్లు, ఇంటి వెనక నా గది, చేపల మార్కెట్టు తప్ప దుబాయే సరిగ్గా చూడలేదు, ఆఫ్రికా ఏమిటి నాకు?

మేడం, సాబ్ ఇంగ్లండు మనుషులు. సాబ్ ఓడలు బాగుచేసే యార్డులో ఇంజినీరు. దుబాయ్ రాకముందు జాంబియాలో రాగి గనుల్లో పనిచేశాడట. అప్పటి స్నేహితుడొకాయన అక్కడే ఉండిపోయి, లువాంగ్వా అనే నది ఒడ్డున అడవిలో అక్కడక్కడా గుడారాలు వేయించి, జంతువుల్ని చూడటానికి వచ్చేవాళ్ళకు బస ఏర్పాటు చేసేవాడు. వీళ్ళు అక్కడ పది రోజులు ఉంటారు. అయిదేళ్ళ పాపను చూసుకోవడానికి నేను వెళ్ళాలి. మేడం సగం హిందీ, సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడేది. నాదీ అదే భాష, ఇంకాస్త విరిగినది. ఆ మాటలన్నీ ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

మా ఆయనది షార్జా అవతల సజ్జాలో సిమెంటు ఫ్యాక్టరీలో పని. క్యాంపులో ఉండేవాడు. శుక్రవారం పూట కంపెనీ బస్సులో షార్జా దాకా వచ్చి, అక్కడినుంచి నలుగురితో కలిసి టాక్సీ ఎక్కి, మధ్యాహ్నానికి నా గది గుమ్మం ముందు చెప్పులు విడిచేవాడు. సాయంత్రం అయిదింటికి మళ్ళీ బయలుదేరాలి. మా ఇద్దరికీ దుబాయ్ అంటే ఆ నాలుగు గంటలే. నా వీసా సాబ్ పేరు మీద ఉంది. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది. ఆయన వద్దనుకుంటే కేన్సిల్ కొట్టి విమానం ఎక్కిస్తారు. అప్పుడు మా ఆయన ఇక్కడ, నేను కోనసీమలో. ఇంక శుక్రవారం అనే మాటే లేదు. ఈ భయం నాకు పనిలో చేరిన రోజునుంచీ ఉంది. అన్నం మెత్తబడితే భయం, పాపకు జలుబు చేస్తే భయం.

ఆ శుక్రవారం సంగతి చెప్పగానే మా ఆయన పళ్ళెం పక్కకు నెట్టాడు.

"ఆఫ్రికా ఏంటే? పులులుంటాయే అక్కడ!"

"పులులు లేవంట మావా. మేడం సెప్పింది. సింవాలేనంట."

"ఆయ్, అలాగా! సింవాలేనా? అయితే ఇంకేం, నిమ్మళంగా ఎల్లిరా." కాసేపటికి మళ్ళీ తనే అన్నాడు. "రానని సెప్పలేవా?"

"సెప్తే ఇంకో ఆయాని ఎతుక్కుంటారు."

 మరుసటి శుక్రవారం వచ్చినప్పుడు ఆయన ఒక పాలపొడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. క్యాంపులో మా వైపు మనిషి ఒకడు సెలవు నుంచి తిరిగొస్తూ మామిడితాండ్ర తెచ్చాడట, అడిగి డబ్బా నిండా కుక్కించుకొచ్చాడు. "ఆ అడివిలో ఏం పెడతారో ఏంటో. పాప తినకపోతే నిన్నే అంటారు. దగ్గరెట్టుకో" అన్నాడు.

అది నిజం. పాపకు తాండ్ర అంటే ప్రాణం. రెండేళ్ళప్పటినుంచి నా చేతిలో పెరిగిన పిల్ల, నాతో తెలుగే మాట్లాడేది, అదీ మా కోనసీమ యాసలో. "ఆయా, ఆకలేత్తంది" అని తెల్లజుట్టు పిల్ల అంటుంటే వినేవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. అన్నం తినకపోతే చిటికెనవేలంత తాండ్రముక్క చూపించి నాలుగు ముద్దలు పెట్టేదాన్ని. డబ్బా నా బట్టల సంచిలో అడుగున పెట్టుకున్నాను.

రెండు విమానాలు మారి లుసాకాలో దిగి, అక్కడ ఒక చిన్న విమానం ఎక్కాం. ఎంత చిన్నదంటే నడిపేవాడి చొక్కా మీద చెమట మరక నాకు కనిపిస్తోంది. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. దిగాక పైకప్పు లేని జీపు. ఎండిన చెట్లు, ఎర్రమట్టి. రెండు గంటలు పోయాక ఒక మలుపు తిరిగితే నది.

 వేసవిలో మా గోదావరి పాయ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. తెల్లటి ఇసుక తిన్నెలు, మధ్యలో సన్నగా పారే నీళ్ళు, కోసుకుపోయిన గట్టు. మూడేళ్ళుగా పారే నీళ్ళే చూడలేదు నేను. జీపు దిగగానే గట్టు వైపు నడిచాను. సాబ్ స్నేహితుడు ఒక్క కేక పెట్టాడు. మోకాళ్ళ దాకా నిక్కరు, ఎండకు కాలిపోయిన ముఖం, భుజాన తుపాకీ. నా ముందుకొచ్చి వేలితో చూపించాడు. ఇసుక మీద పడున్న మొద్దు ఒకటి కదిలి నీళ్ళలోకి జారింది. మొసలి. దాని అవతల నీళ్ళలో గుండ్రాళ్ళలా కనిపించేవి నీటిగుర్రాలట. నదికి ఇరవై అడుగుల దూరంలో అన్ని రోజులూ ఉన్నాను గానీ, నీళ్ళలో కాలు పెట్టలేదు, ఒక్క గుడ్డ జాడించలేదు.

ఆ సాయంత్రం టీ దగ్గర ఆయన అందర్నీ కూర్చోబెట్టి అక్కడి పద్ధతులు చెప్పాడు. మేడం నాకు విడమరిచి చెప్పింది. చీకటి పడ్డాక గుడారం దాటకూడదు, అవసరమైతే పిలవాలి. జంతువు ఎదురైతే పరుగెత్తకూడదు. గుడారంలో పళ్ళు పెట్టుకోకూడదు. నారింజ, అరటి, మామిడి, ఏ పండైనా సరే. ఏనుగుకు మైలు దూరంనుంచి వాసన తెలుస్తుందట, గుడారం చింపి తీసుకుంటుందట. పోయినేడు పనివాడొకడు పళ్ళు దాచుకుంటే ఏనుగు ఒక గుడిసెను నేలమట్టం చేసిందట. అప్పటినుంచి పళ్ళు దాచినవాడికి అక్కడ పని లేదట.

నేను వెంటనే లేచి వెళ్ళి పాప సంచి వెతికాను. విమానంలో ఇచ్చిన నారింజపళ్ళు రెండు దొరికాయి. మా గుడారం పనులు చూసే మనిషికి ఇచ్చేశాను. యాభై దాటినవాడు, తల సగం నెరిసింది. రెండు చేతులూ చాచి, కొంచెం మోకాళ్ళు వంచి అందుకున్నాడు. "థాంక్యూ, మామా" అన్నాడు. పెళ్ళయిన ఆడవాళ్ళను అక్కడ అలా పిలుస్తారట. నేను మా ఆయన్ని పిలిచే పిలుపుతో ఆ పెద్దాయన నన్ను పిలుస్తుంటే నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో తెలియకపోయినా తనూ నవ్వాడు.

సంచి అడుగున తాండ్ర ఉందన్న సంగతి నాకు గుర్తుంది. ఆ రాత్రి కూడా పాపకు ఒక ముక్క పెట్టాను. కానీ అదీ పండే అని నా బుర్రకు తట్టలేదు. తాండ్ర అంటే మాకు తాండ్రే. మా అమ్మ వేసవిలో రసం పిండి, బెల్లం కలిపి చాపల మీద పూత పోసి, ఎండాక మళ్ళీ పూత పోసి, పదిహేను రోజులు కాకుల్ని తోలుకుంటూ కాపలా కాసేది. ఎండాక కోసి, సున్నుండల డబ్బా పక్కన అటక మీద పెట్టేది. పళ్ళ బుట్టలో ఎవరైనా తాండ్ర పెడతారా?

రాత్రిళ్ళు నిద్ర లేదు. నీటిగుర్రాలు అరుస్తుంటే పాత రైసుమిల్లు ఇంజను స్టార్టు చేస్తున్నట్టుండేది. పాప నా కడుపులోకి దూరి "అదేంటి ఆయా?" అనేది. "గుర్రెడతంది, నువ్వు పడుకో" అనేదాన్ని. పాప పడుకునేది. నేను గుడారం జిప్పు మీద చెయ్యి వేసుకుని తెల్లారేదాకా కూర్చునేదాన్ని. ఏమైనా జరిగితే సాబ్ నన్ను అడుగుతాడు. ఏమైనా జరిగితే ఇంక అడగడానికి నేను మాత్రం మిగులుతానా అని కూడా ఆలోచించేదాన్ని.

మూడో రోజు రెండో క్యాంపుకు మారాం. సాబ్, మేడం ఆ స్నేహితుడితో, అంటే తుపాకీ ఆయనతో, నది వెంబడి నడిచి వచ్చారు. మేము సామానుతో జీపులో. ఆ పెద్దాయనే మా మూటలు సర్ది, మాతో జీపులో వచ్చి, అక్కడ మా గుడారంలో పక్కలు వేశాడు. మధ్యాహ్నం భోజనంలో పాప ఏదీ ముట్టలేదు. గుడారంలోకి తీసుకొచ్చి డబ్బా తీసి తాండ్ర పెట్టాను. తిని పడుకుంది. మూత సరిగ్గా నొక్కానో లేదో తెలియదు. డబ్బా మంచం పక్కనే ఉంది. ఎండ మండిపోతోంది, ఆకు కదలడం లేదు. పెద్దవాళ్ళంతా అవతల చెట్టుకింద వాలుకుర్చీల్లో కునుకుతున్నారు. నేను పాప చొక్కా గుండీ కుట్టుకుంటున్నాను.

గుడారం లోపల ఉన్నట్టుండి నీడ పడింది. మబ్బు పట్టిందనుకున్నాను. తర్వాత, కడుపులో పేగులు కదిలినట్టు ఒక గురగుర, చెవికి కాదు, గుండెకు వినిపించింది. గుడారం గుమ్మం కింద సందులోంచి తొండం లోపలికి వచ్చింది.

తొండం చివర తడిగా, వేలు లాంటిది కదులుతూ ఉంది. నేల తడిమింది. నా చెప్పు తడిమి వదిలేసింది. నేను పాప మంచం మీదికి వంగి, పాపకూ తొండానికీ మధ్య నా వీపు పెట్టాను. అరవకూడదని తెలుసు.  డబ్బా దొర్లిన చప్పుడైంది. పాప కళ్ళు తెరిచి నా భుజం మీదినుంచి చూసింది. నోరు మూసేలోపలే మెల్లిగా అనేసింది.

"ఆయా, నా తాండ్ర తినేత్తంది."

అప్పుడు వెనకవైపు గుడ్డ కదిలింది. పెద్దాయన. గుడారం వెనక కట్టిన తాళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. సందులోంచి ముఖం పెట్టి, పెదవుల మీద వేలు పెట్టుకుని, రమ్మని చెయ్యి చాచాడు. ముందు పాపను అందించాను. తర్వాత నేను పాకుతూ వెళ్ళాను. చీర మేకుకు పట్టుకుని చిరిగింది, లాక్కోలేదు, అలాగే వదిలేసి లంగాతో పోయాను. వెనక స్నానాల గడ్డి తడిక చాటున ముగ్గురం ముద్దలా కూర్చున్నాం. గుడారం కర్ర విరిగిన చప్పుడు, గుడ్డ చిరిగిన చప్పుడు. అవతలనుంచి తుపాకీ ఆయన కేకలు, గాల్లోకి ఒక పేలుడు. అది తిరిగి వెళ్తుంటే కొమ్మలు విరిగిన చప్పుడు దూరమైంది.

మేడం పరుగెత్తుకొచ్చి పాపను లాక్కుంది. పాపను ఎత్తుకున్న చేతులు వదలకుండానే నా వైపు చూసింది. నేను ఎవరిదో తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాను.

తుపాకీ ఆయన అడిగిన మొదటి మాట, "గుడారంలో పళ్ళెవరు పెట్టారు?"

మేడంకు నారింజపళ్ళు గుర్తొచ్చాయి. "పాప సంచిలో రెండుండాలి" అంది.

"ఈయనకిచ్చేశాను మేడం, మొదటి రోజే" అన్నాను. నిజమే చెప్పాను.

పెద్దాయన అవి మొదటి క్యాంపు వంటవాడికి ఇచ్చానన్నాడు. ఆ వంటవాడు ఇక్కడ లేడు. మూటలు సర్దింది, పక్కలు వేసింది ఈయనే. తుపాకీ ఆయన ఇంక ఏమీ అడగలేదు. పొద్దున్న సరుకుల ట్రక్కు వస్తుంది, అందులో వెళ్ళిపొమ్మన్నాడు.  పెద్దాయన కూలిన గుడారం మడతపెట్టడానికి వెళ్ళాడు.

చీర వెతుక్కుందామని నేనూ వెళ్ళాను. గుడారం అవతల ఏనుగు వెళ్ళిన దారిలో పాలపొడి డబ్బా దొరికింది. అప్పడంలా అణిగిపోయి ఉంది. లోపల రేకు తళతళలాడుతోంది, నాకి నాకి తోమిపెట్టినట్టు. అణువంత కూడా మిగల్లేదు. అక్కడే చతికిలబడ్డాను. అప్పుడు తెలిసింది నాకు. ఏనుగు నా చెప్పును వదిలేసింది, సబ్బును వదిలేసింది, పాప బిస్కెట్లను వదిలేసింది. దేనికోసం వచ్చిందో దాన్నే తీసుకుంది.

డబ్బాను ఒంటికి చుట్టుకున్న తువ్వాలులో దాచాను. ఎందుకు దాచానని ఇప్పుడడిగితే జవాబు ఒక్కటే, శుక్రవారం.

చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. నా వల్ల పాప ప్రాణమే పోయేది. ఏ తల్లి ఉంచుకుంటుంది నన్ను? చెప్పకపోతే ఏమవుతుందో అదీ తెలుసు. సాయంత్రం దాకా ఆ రెండింటి మధ్యా తిరిగాను. పాపకు పాలు కలిపాను, చక్కెర బదులు ఉప్పు వేశాను.

పొద్దుగూకే వేళకు పెద్దాయన రోజూలాగే వేణ్ణీళ్ళ బకెట్టు తెచ్చి చెట్టుకొమ్మకు కట్టాడు. "వాటర్, మామా" అన్నాడు. పాప ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. తన చేతులు రెండూ ముందుకు చాచి, వణికిస్తూ చూపించాడు. తాళ్ళు విప్పేటప్పుడు అలా వణికాయట. "ఎవరితోనూ చెప్పకు, నవ్వుతారు" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. ట్రక్కు మాట ఎత్తలేదు. నా ముఖంలోకి అనుమానంగా చూసినా బాగుండేది. అదీ చూడలేదు.

తెల్లారింది. మేడం నిప్పు దగ్గర టీ కప్పుతో కూర్చుని ఉంది. నేను డబ్బా తీసుకెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను.

"మేడం, ఏనుగు వచ్చింది దీనికి. ఆయన ఏమీ పెట్టలేదు. నేనే."

"ఏముంది ఇందులో?"

"తాండ్ర."

"పాప తినేదా? అది మామిడిపండే కదా?"

"కాదు మేడం" అన్నాను. నిజంగా అదే వచ్చింది నోటికి. తర్వాత, "అవును మేడం" అన్నాను.

తుపాకీ ఆయన డబ్బా తీసుకుని వాసన చూశాడు. కళ్ళు పెద్దవి చేశాడు. ఎలా చేస్తారని అడిగితే చెప్పాను. ఒక డబ్బాకు ఎన్ని కాయలు పడతాయన్నాడు. నలభై అన్నాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"నలభై మామిడిపళ్ళు మంచం పక్కన పెట్టుకుని గుండీలు కుడుతోంది ఈవిడ!"

సాబ్ నవ్వబోయి మేడం ముఖం చూసి ఆగిపోయాడు. తుపాకీ ఆయన లేచి, అప్పటికే మూట కట్టుకుని ట్రక్కు దగ్గర నిలబడి ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. పెద్దాయన మూట దించాడు. నా వైపు చూడలేదు ఆ రోజంతా. కోపమో, సిగ్గో. వేణ్ణీళ్ళు మాత్రం సాయంత్రం వచ్చాయి.

మేడం నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను తినేసింది. మిగిలిన రోజులు పాపను వాళ్ళ గుడారంలోనే పడుకోబెట్టుకుంది. మూడో క్యాంపులో నేనొక్కదాన్నే గుడారంలో. గట్టు బొరియల్లో వందలకొద్దీ ఎర్రపిట్టలు ఉన్నాయి అక్కడ, అందరూ గంటలు గంటలు చూశారు. నేనూ చూశాననుకుంటాను. పిట్టల రంగు గుర్తుంది గానీ ఎగిరాయో వాలాయో గుర్తులేదు. పాప అవతలి గుడారంలో "ఆయా కావాలి" అని ఏడుస్తుంటే నేను ఇక్కడ నోట్లో కొంగు కుక్కుకున్నాను.

దుబాయ్‌లో దిగగానే సాబ్ చెయ్యి చాచి నా పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఎప్పుడూ తీసుకునేదే. ఆరోజు మాత్రం ఆ చెయ్యి వేరేగా అనిపించింది.

శుక్రవారం మా ఆయనకు అంతా చెప్పాను.

"సెప్పకుండా ఊరుకుంటే పోయేది కదే!"

"ఆ పెద్దాయన్ని తీసేత్తన్నారు మావా."

"తీసేత్తే..." అని ఆగాడు.  "ఏవంది మీ మేడం?"

"ఏవనలేదు."

"ఏవనలేదంటే ఖలాసేనే, అయిపోయినట్టే. అనేవోళ్ళు ఉంచుతారు." మరుసటి శుక్రవారం వచ్చినప్పుడు సంచిలోంచి నైలాను తాడు చుట్ట తీశాడు. ఇంటికి పోయేవాళ్ళు అట్టపెట్టెలు కట్టుకునే తాడు. "ఉండనీ. అప్పటికప్పుడు దొరకదు" అన్నాడు ఎటో చూస్తూ. దాన్ని మంచం కిందికి తోశాను. ఇద్దరం అన్నం తిన్నాం. ఆ నాలుగు గంటల్లో ఎప్పుడూ చెప్పుకోవడానికి సమయం చాలేది కాదు, ఆరోజు చాలా మిగిలింది.

రెండు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం మేడం బట్టలు మడతపెట్టే చోటికి వచ్చింది. పాప నా ఒళ్ళో ఉంది, ఎవరూ చూడనప్పుడు వచ్చి కూర్చునేది. దించబోయాను. మేడం వద్దని చెయ్యి ఊపింది.

"వచ్చే ఏడాది మళ్ళీ వెళ్తున్నాం అక్కడికి. నువ్వు రావు. ఇక్కడే ఉండి ఇల్లు చూసుకుంటావు."

సరే మేడం అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. పాప గౌను మడతపెట్టి, ఇంకోటి అందుకున్నాక గానీ అర్థం కాలేదు. వచ్చే ఏడాది. ఇక్కడే. ఆ గౌనుతోనే ముఖం తుడుచుకున్నాను. "ఏవైంది ఆయా?" అంది పాప. "ఏం కాలేదమ్మా, సెమట" అన్నాను.

మరుసటేడు సెప్టెంబరులో ముగ్గురూ వెళ్ళారు. పది రోజులు ఇల్లంతా నాదే. శుక్రవారాలు మా ఆయన సోఫా మీద కూర్చోవడానికి భయపడి నేల మీదే కూర్చున్నాడు. నాకు మాత్రం అన్నం దిగలేదు. పాప రాత్రి లేస్తే గుడారం జిప్పు ఎవరు పట్టుకుంటారు? మేడంది మొద్దునిద్ర. పాప జేబులో చాక్లెట్లు దాచుకుంటుంది, ఎవరు వెతుకుతారు? నేను పక్కనుంటే ప్రమాదమని వదిలేసి వెళ్ళారు, నేను లేకపోతే ప్రమాదమని ఇక్కడ భయపడుతూ కూర్చున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం గేటు బయట సాబ్ కారు ఆగింది. చెప్పులు కూడా వేసుకోకుండా కాలే ఇసుకలోకి పరుగెత్తి, అద్దంలోంచి ముందు తలలు లెక్కపెట్టాను. మూడు. మళ్ళీ లెక్కపెట్టాను.